గుట్ట దిక్కు గోలు

దస్తగిరి మామ ట్యాంకర్ తోల్తుండె.
ఆటకు గంట ముందు గ్రౌండు తడపాలె,
దుమ్ము లేవొద్దని మున్సిపాలిటి ఆర్డరు.
నన్ను క్యాబిన్ల కూసోవెట్టి చెప్పిండు:
"దిగకు. దిగితే మల్ల ఎక్కనీకి తిప్పలైతది."
నాకు తొమ్మిదేండ్లు.
మోకాళ్లు అప్పటికే అడుగడుక్కు
ఒకదాన్నొకటి రాస్కుంటుండె.

సైడు అద్దంల చూసిన.
ఎనుక పైపుల కెల్లి పలచగ, తెల్లగ
చీరె ఆరేసినట్టు పర్సుకుంటున్న నీళ్లు.
మా మర్రిగూడ బోరింగు నీళ్లు గావు,
కిష్ణ నీళ్లు.
"మంచినీళ్లు మట్టికి పోస్తున్నవా మామా?"
మామ జవాబియ్యలే.
ఒక అగ్గిపుల్ల ఆరిపోయింది, ఇంకోటి గీసిండు.

ఆ తడి మీదికి ఉరికొచ్చిన్రు
బత్తాయి మార్కెట్టు హమాలి టీము.
ఉతికి ఉతికి ఎండిన తొక్క రంగుకొచ్చిన
పసుపు బనీన్లు.
పొద్దుగాల లారీలకు లోడెత్తిన భుజాలే
మాపటికి ఆడొచ్చినయి.
గోల్‌కీపర్ బుచ్చిరాములుకు గ్లౌజుల్లేవు.
లతీఫ్ సాబ్ గుట్టకు ఈపువెట్టి నిలబడి
ఒట్టి చేతులు పాయింటుకు తుడ్సుకున్నడు.
కుడి పక్క క్రిష్టఫర్.
ఆయన మోకాలు వంగింది.
వంగి, సాపై, మల్ల వంగింది,
నూనె పెట్టిన తలుపు బందు లెక్క, సప్పుడు లేకుండ.
మోకాలు గట్ల గూడ పనిచేస్తదని
నాకు అప్పటిదాంక ఎవ్వలు చెప్పలే.

మూడు-సున్న ఓడిపోయిన్రు.
నేను ఆళ్లోన్నై పోయిన.

అటెంక ముప్పై మూడేండ్లు గ్రౌండు మొఖం చూడలే.
చండూరుల దుకాణం, మోటరు పెట్టిన కుట్టుమిషిను.
ఆట ఉన్న దినం సాయంత్రం బస్సు కోసం
గడప మీదికొచ్చి కూసుంట.
కండక్టర్ సోమలింగం బస్సు ఆపడు,
కిటికిల కెల్లి రెండు చేతులు బైట పెడ్తడు.
ఎడమది మనది, కుడిది ఆళ్లది.
ఎడమ చెయ్యి శానసార్లు పిడికిలే.
ఒక్కసారి నాలుగేళ్లు సూపెట్టిండు.
ఆ రాత్రి గిరాకి ఇచ్చిన పెండ్లి జాకెట్టుకు
చేతులు తారుమారు కుట్టిన.
తిట్లు పడ్డయి. పైసలు గూడ ఇయ్యలే. పోనీ.

పోయిన ఆదివారం సోమలింగమే తోల్కపోయిండు,
ఇప్పుడు రిటైరైండు, చేతులు ఖాళిగున్నయి.
మామ లేడు. ట్యాంకరూ లేదు.
ఊర్ల నల్లాలల్ల కిష్ణ నీళ్లొస్తున్నయి,
నా బొక్కలకు ఆ ముచ్చట తెల్వది.
గేటు కాడ టికెటు లేదు, మెట్లున్నయి.
పదకొండు. లెక్కవెట్టిన.
ఒక్కో మెట్టుకు పాత టీముల ఒక్కో పేరు చెప్పుకుంట ఎక్కిన.
క్రిష్టఫర్ కాడ కొంచెంసేపు ఆగిన.

అంతా దుమ్ము.
తడిపెటోడు లేక ఎర్రగ లేస్తున్నది,
నోట్లెకొస్తున్నది, ఉమ్మ బుద్ధి కాలే.
పసుపు బనీన్లు, లోపల కొత్త పోరలు.
వీపుల మీది అంకెలు నేను కుట్టినయే.
ఏడో నంబరు జర వంకరొచ్చింది,
ఈన్నుంచి చూస్తే తెలుస్తున్నది.

రెండో సగంల బాలు గీత దాటొచ్చి
నా కట్టెకు తగిలి ఆగింది.
ఏడో నంబరోడు చేతులూపిండు:
"తాతా, జర తన్ను!"
"తాత గాదుర, నలభై రెండే" అనుకుంట
కట్టెతోని నూకిన.
దొర్లింది. ఆని దాంక పోలే,
ఆడే నాలుగడుగులు ముందుకొచ్చిండు.

త్రో మనదే.
నేరుగ ఆళ్ల కాళ్లకే ఏసిండు లంగ.
సోమలింగం నా దిక్కు చూడకుండనే
ఎడమ చేతి పిడికిలి సూపెట్టిండు.
ఇంకా ఇరవై నిమిషాలున్నయి అన్న.